కోడిపిల్లకున్న లెక్క కూలిపిల్లకు లేదా?

ఏ కోళ్ల ఫారం యజమానినైనా అడగండి, మేతలో బి2 విటమిన్ ఎంత పడుతోందని. టన్నుకు ఎన్ని గ్రాములో తడుముకోకుండా చెబుతాడు. అదే షెడ్డులో పెంట ఎత్తే కూలివాళ్ల పిల్లలు రోజుకు ఎంత బి2 తింటున్నారని అడగండి. ఆయనకు తెలియదు. ఊరి సర్పంచికి తెలియదు. జిల్లా కలెక్టరుకు తెలియదు, మంత్రిగారికి అసలే తెలియదు. తెలుసుకోవాలని వీళ్లలో ఒక్కరికీ అనిపించలేదు. నా కోపం అక్కడ మొదలవుతుంది. మీకు కోపం రాకపోతే, ఎందుకు రాలేదో మీ మనసునే అడగండి.

లెక్క వినండి. బ్రాయిలర్ పిల్లకు కిలో మేతలో కనీసం 3.6 మిల్లీగ్రాముల రైబోఫ్లావిన్, అంటే బి2, ఉండాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లోనే రాసిపెట్టింది. మేత కంపెనీలు అంతకంటే ఎక్కువే వేస్తాయి. మనం తినే పాలిష్ బియ్యంలో సహజంగా ఉండేది కిలోకు అర మిల్లీగ్రాము. కోడి మేతలో ఏడో వంతు! కడిగి, గంజి వార్చి పారబోస్తే అందులోనూ కొంత పోతుంది. మనిషి అన్నం ఒక్కటే తినడు కదా అంటారు. నిజమే. కూలివాళ్ల ఇంట్లో అన్నం పక్కన ఏముందో గిన్నె మూత తీసి చూడండి. నీళ్ల చారు, పచ్చిమిరపకాయ తొక్కు. పాలు వారానికి ఎన్నిసార్లు? గుడ్డు నెలకు ఎన్నిసార్లు? చూసొచ్చాక నాతో వాదించండి.

కోడికి ఇంత శ్రద్ధ ఎందుకంటే, అది కుంటితే డబ్బు కుంటుతుంది. బి2 చాలని పిల్లకు కాలివేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. తొడ నరం ఉబ్బి మెత్తబడుతుంది. నిలబడలేక మడమ కీళ్ల మీద పాకుతుంది, మేత తొట్టి దాకా చేరలేక ఆకలితో చస్తుంది. తల్లికోడికి తక్కువైతే పిండం గుడ్డులోనే చచ్చిపోతుంది, హ్యాచరీలో పెట్టిన గుడ్లు పిల్లలు కావు. ఆ నష్టం నెల తిరిగేలోగా ఖాతాలో కనబడుతుంది. అందుకే ప్రపంచంలో సూక్ష్మజీవులను పెంచి, పులియబెట్టి టన్నులకొద్దీ తీస్తున్న ఈ పసుపు పొడిలో ఎక్కువ భాగం పశుపక్ష్యాదుల మేతలోకే పోతోంది. కోడికి పెట్టొద్దని నేననను. పెట్టాలి. కోడికి జరిగిన న్యాయం కూలిపిల్లకు ఎందుకు జరగలేదన్నదే నా ప్రశ్న.

కూలిపిల్లకు బి2 లోపిస్తే పెదవుల మూలలు చీలతాయి. నాలుక ఎర్రబడి మండుతుంది. కారం తగిలితే కళ్లమ్మట నీళ్లు. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. వాళ్లను నేను తప్పుపట్టను, మజ్జిగలో నిజంగానే బి2 ఉంది. చిక్కిన నాలుగు చెంబులూ పాలకేంద్రంలో పోసి వచ్చే ఇంట్లో మజ్జిగ ఎక్కడిది? నేను తప్పుపట్టేది చదువుకున్నవాళ్లను. ఎదురుగా ఉన్న నోటి పుండును చూసి, ఓ బి కాంప్లెక్స్ బిళ్ల రాసిచ్చి, ఈ పిల్ల ఏం తింటోందని ఒక్క మాటైనా అడగని వాళ్లను.

తెలియకపోవడం అనే సాకు మన నేల మీద చెల్లదు. జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి హైదరాబాదులోనే ఉంది. అక్కడ మెహతాబ్ బాంజీ, ఆమె సహచరులు 1970ల్లోనే పల్లె బడి పిల్లల ఎర్రరక్తకణాలు పరీక్షించి చూశారు. పైకి నోరు శుభ్రంగా కనిపించిన పిల్లల రక్తంలోనూ బి2 లోటు బయటపడింది. అంటే చీలిన పెదవి కనిపిస్తేనే లోపం ఉన్నట్టు కాదు, కనిపించనిది ఇంకా ఎక్కువ. ఆ తర్వాత ఏం చేశాం? 2016-18లో దేశమంతటా పిల్లల రక్తం తీసి ఇనుము, జింకు, ఎ, డి, బి12, ఫోలేట్ కొలిచారు. బి2 కొలవలేదు. కొలవనిది లేనట్టే లెక్క, లేనిదానికి ఖర్చు పెట్టనక్కర్లేదు. ఇంతకంటే చవకైన పాలన ఉంటుందా?

ఇక రక్తహీనత సంగతి. 2015-16లో దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 53 మందికి రక్తహీనత. 2019-21కి అది 57 అయింది. ఆంధ్రలో 58.8, తెలంగాణలో 57.6. ఈ మధ్యకాలంలో పంచిన ఐరన్ మాత్రలకు అంతు లేదు. కానీ ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము కదిలి రక్తంలో చేరాలంటే బి2 కావాలి. ఫోలిక్ యాసిడ్ పని చేసే దారిలోనూ ఒక ముఖ్యమైన ఎంజైము బి2 లేకుండా నడవదు. ఆఫ్రికాలోని గాంబియాలో పరిశోధకురాలు హిలరీ పవర్స్ బృందం 1980ల్లోనే చూపించింది, ఇనుముతో పాటు బి2 ఇస్తే రక్తం మెరుగ్గా పుంజుకుంటుందని. రక్తహీనతకు బి2 ఒక్కటే కారణమని నేననడం లేదు. కొంకిపురుగులున్నాయి, మలేరియా ఉంది, మితిమీరిన కాన్పులున్నాయి. కానీ ఇటుకలు లారీలకొద్దీ దింపి మేస్త్రీని పిలవనివాడు, ఇల్లు ఎందుకు లేవలేదని ఇంటావిడను గద్దిస్తే ఎలా? "మాత్రలు మింగడం లేదమ్మా మీరు" అని ఆడవాళ్లను కసురుతున్న అధికారులు చేస్తున్నది అదే.

2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని పోషకాలు కలిపిన బలవర్ధక బియ్యం ప్రకటించారు. 2028 డిసెంబరు దాకా ఆ పథకాన్ని సాగిస్తామని 2024లో ప్రభుత్వం చెప్పింది. నిబంధన చదవండి. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 తప్పనిసరి. బి2? కావాలనుకుంటే కలపవచ్చు. కోడికి తప్పనిసరి, మనిషికి ఐచ్ఛికం. ఈ వాక్యం చదివి సిగ్గుపడని ఆహార శాఖ అధికారి ఎవరైనా ఉంటే ముందుకు రండి, ఏ వేదిక మీదైనా మాట్లాడదాం.

పొడి కలిపి చేతులు దులుపుకోమని కూడా నేననను. తిండి పెట్టండి. పాలు, పెరుగు, ఆకుకూర, గుడ్డు. కోడికి తినిపించిన బి2ని గుడ్డులోకి మోసుకెళ్లడానికే దాని ఒంట్లో ఒక ప్రత్యేక ప్రొటీన్ ఉంది. ఒక గుడ్డులో సుమారు 0.2 మిల్లీగ్రాములు ఉంటుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశానికే పెద్ద ఆంధ్ర. అయినా బడిలో గుడ్డు అనేసరికి అడ్డుపడేవాళ్లు ఈ దేశంలో పుట్టుకొస్తూనే ఉన్నారు. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు వద్దన్నారు. 2021లో కర్ణాటకలో బడిపిల్లల గుడ్డు మీద మఠాధిపతులు లేచారు. అయ్యా, మీ పూజగదిలో గుడ్డు పెట్టమని ఎవరూ అడగలేదు. మీకు పాలు, పెరుగు, పనీరు దండిగా ఉన్నాయి, మీ పెదవులు చీలవు. గుడ్డు మీకు పాపమైతే, ఆ పిల్లలందరికీ రోజూ గ్లాసెడు చిక్కటి పాలు మీ మఠం ఖర్చుతో పోయండి. పోస్తారా? పొయ్యరు. మీ పుణ్యానికి ఖర్చు పెడుతున్నది పస్తున్న పిల్లలే.

ఆవుకు ఈ బి2 బెడద లేదు. దాని పొట్టలోని సూక్ష్మజీవులే బి2 తయారుచేసి ఇస్తాయి. కూలివాడికి అలాంటి పొట్ట లేదు. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2 మిల్లీగ్రాములు, ఒళ్లు హూనం చేసుకునేవాడికి 3.2 మిల్లీగ్రాములు కావాలని 2020లో మన పోషకాహార సంస్థే లెక్క కట్టింది. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతోంది. ఈసారి మీ ఊరికి ఐరన్ మాత్రల పెట్టెతో ఏ అధికారి వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. మా పిల్లల రక్తంలో బి2 ఎప్పుడు కొలుస్తారు? రేషన్ బియ్యంలో అది ఎప్పుడు తప్పనిసరి అవుతుంది? బడి లేని సెలవు రోజుల్లో పిల్లల గుడ్డు సంగతేమిటి? పైవాళ్లను అడిగి చెబుతానంటే, ఆ పైవాళ్ల పేరు రాయించుకుని పంపించండి.