పొగ మన పొలంలో, కొలత ఎవరి చేతిలో?

కోతలు ఊపందుకునే నవంబరు, డిసెంబరు నెలల్లో కృష్ణా డెల్టాలో తెల్లవారుజామున రోడ్డు మీద కమ్ముకునేదంతా మంచు కాదు. అందులో నిన్న సాయంత్రం చేలల్లో కాలిన గడ్డి పొగ కూడా ఉంటుంది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా ఉండి పైకి లేవదు. పొద్దువాలాక పెట్టిన మంట పొగ మర్నాడు ఎండ ఎక్కేదాకా ఊళ్లోనే, ఇళ్ల మధ్యనే ఉండిపోతుంది. దాన్ని ముందుగా పీల్చేది బెజవాడ వాళ్లు కాదు. మంట పెట్టిన రైతు, పక్క చేలో పనిచేసే కూలీ, చేల గట్టున ఉన్న కాలనీలో ఉబ్బసంతో బాధపడే పెద్దవాళ్లు, పసిపిల్లలు.

గడ్డి కాల్చడం మన తాతల అలవాటు కాదు. పన వేసి, కుప్ప పెట్టి, నూర్చిన రోజుల్లో ప్రతి గడ్డిపరకా వాముకెక్కేది. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న వరిలోనే మినుము చల్లుకునేవాళ్లం, ఆ పదునులోనే మొలక వచ్చేది. ఇప్పుడు కూలీల ఖర్చు భరించలేక అంతా కోత మిషన్ మీదే నడుస్తోంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఆ మిషన్ కోసమే కొట్లాట. అది గడ్డిని వరుసలుగా పడేసి పోతుంది. ఆ దిబ్బల కింద మినుము మొలవదు. చైన్ మిషన్ తిరిగిన చోట మొలిచింది కూడా నలిగిపోతుంది. వాము వేద్దామంటే చాలా ఇళ్లలో గొడ్లు లేవు. పదును ఆరకముందే రెండో పంట పడాలి. కౌలు రైతుకైతే ఆ మినుమే మిగులు, వరి మీద వచ్చింది కౌలుకే చాలదు. అగ్గిపుల్ల అంత చౌకైన ఉపాయం ఎవరూ చూపించలేదు.

అలాగని కాల్చడం మంచిదని ఈ పత్రిక చెప్పదు. టన్ను గడ్డి కాలితే ఐదున్నర కిలోల నత్రజని పోతుందని వ్యవసాయ శాస్త్రవేత్తల లెక్క. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకుంటే దాదాపు అర బస్తా యూరియా పొగలో కలిసినట్టే. పైపొరలో ఉన్న పదునూ ఆరిపోతుంది. మందు చల్లి గడ్డిని కుళ్లబెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దానికి ఇరవై, ఇరవై అయిదు రోజులు పడుతుంది. మినుము అంతకాలం ఆగదు. మన డెల్టాకు పనికొచ్చే దారి గడ్డిని కట్టలు కట్టే బేలర్ ఒక్కటే. అది కోత మిషన్ వెనకాలే, రెండు మూడు రోజుల్లో పొలంలోకి రావాలి.

ఉత్తరాదిన ఏం జరిగిందో చూశాం. వరిగడ్డి కాల్చని చిన్న రైతులకు క్వింటాలుకు 100 రూపాయలివ్వాలని 2019లో సుప్రీంకోర్టు పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లకు చెప్పింది. జరిమానాలు మాత్రం పెరుగుతూ వచ్చాయి. 2024 నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల రెండెకరాల లోపు రైతుకు 5 వేలు, ఐదెకరాలు దాటితే 30 వేలు చేశారు. అదే కేంద్ర ప్రభుత్వం థర్మల్ కేంద్రాలు పొగలోని గంధక వాయువును తగ్గించే పరికరాలు పెట్టాలని 2015లో ఆదేశించి, గడువు మీద గడువు ఇచ్చి, 2025 జూలైలో చాలా కేంద్రాలకు ఆ బాధ్యతే ఎత్తేసింది. 1979 నుంచి ఇబ్రహీంపట్నంలో బొగ్గు మండుతూనే ఉంది. ఆ బూడిద ఎలా ఉంటుందో చుట్టుపక్కల రైతులను అడిగితే చెబుతారు. గొట్టానికి గడువు, రైతుకు జరిమానా!

రేపు డెల్టా గాలి మీద చర్చ వస్తే మన చేతిలో ఏ లెక్క ఉంది? 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విజయవాడ, గుంటూరు ఉన్నాయి. కానూరు, హెచ్‌బీ కాలనీ, రాజీవ్‌నగర్ లాంటి చోట్ల కాలుష్య నియంత్రణ మండలి యంత్రాలున్నాయి. ఆ అంకెలు నగరం సంగతి చెబుతాయి. అవనిగడ్డ, కైకలూరు పొలాల మీద పొగ ఎంతుందో చెప్పవు. ధాన్యం అమ్మేటప్పుడు తేమ మిషన్ మిల్లరు చేతిలోనే ఉంటే 17 శాతం ఎక్కడ దాటుతుందో మనకు తెలిసిందే. గాలి విషయంలోనూ కొలత మన చేతిలో లేకపోతే నింద మన మీదికే వస్తుంది.

ఉన్న అంకెలనైనా చదవడం నేర్చుకుందాం. ఫోన్‌లో కేంద్ర కాలుష్య మండలి వారి ‘సమీర్’ యాప్ పెట్టుకోవచ్చు. సూచీ వంద లోపైతే ఫరవాలేదు, 200 దాటితే అందరికీ చెరుపే. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు వంద దాటగానే జాగ్రత్తపడాలి. ఒక మెలిక ఉంది. ఆ సూచీ 24 గంటల సగటు. సాయంత్రం రెండు గంటలు ఊరు ఊరంతా పొగలో మునిగినా సగటులో అది పలచబడిపోతుంది. అందుకే యాప్ పచ్చగా ఉన్నా కళ్లు మండుతుంటే కళ్లనే నమ్మండి.

మొహానికి చుట్టుకునే తువ్వాలు నూర్పిడి దుమ్మును కొంత ఆపుతుంది గాని పొగలోని సన్నటి నుసిని ఆపదు. అది వెంట్రుకలో ముప్పయ్యో వంతు ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తుల లోపలికి పోతుంది. మిషన్ దగ్గర, మంట దగ్గర ఉండేవాళ్లకు ఎన్-95 మాస్కు కావాలి, అదీ ముక్కు దగ్గర సందు లేకుండా. పొగ పట్టిన రాత్రి కిటికీలు మూసి, ఎండ ఎక్కాక తెరవాలి. ఆ ఇంట్లోనే కట్టెల పొయ్యి రాజేస్తే మూసిన ప్రయోజనం లేదు, ఆ పొగంతా ఆడవాళ్ల ఊపిరిలోకే. పీల్చే మందు వాడేవాళ్లు కోతల ముందే డాక్టరుకు చూపించుకుని మందు దగ్గర పెట్టుకోవాలి. భోగి మంటల్లో పాత టైర్లు వేసే కుర్రాళ్లకూ ఎవరో ఒకరు చెప్పాలి, ఆ సరదాకు వరిగడ్డి సాకు కూడా లేదు.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి. ప్రతి మండలంలో రైతు సేవా కేంద్రాల ద్వారా సరిపడా బేలర్లు, కోతలు మొదలయ్యే ముందే. కాల్చకుండా గడ్డి తీసిన ఎకరాకు నగదు సాయం, అది భూమి కాగితాలున్నవాళ్లకు కాక సాగు చేసిన కౌలు రైతుకు. గుడివాడ, అవనిగడ్డ, కైకలూరు వైపు గాలి కొలిచే యంత్రాలు, ఆ అంకెలు పంచాయతీ బోర్డు మీద రోజూ. ఇవి వచ్చేదాకా జరిమానా మాట ఎత్తకూడదు. మండల కమిటీలు ఈ నాలుగు అంశాలతో అర్జీలు రాసి, గడ్డి దిబ్బల ఫొటోలు జతచేసి, వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వాలి. రసీదు తప్పకుండా తీసుకోండి.