బీరువాలో రష్యా వెండి

వరంగల్ బులియన్ మార్కెట్‌కు పాత వెండి పట్టుకొచ్చేవాళ్లు కొత్తేం కాదు. తెగిన పట్టీలు, సొట్టపడిన గిన్నె, మూత పోయిన కుంకుమ భరిణె... అన్నీ ఒకే త్రాసులోకి వెళతాయి. ఆ మూటలో ఓ గుండ్రటి బిళ్ల కూడా ఉందనుకుందాం. ఒకవైపు గడ్డం ఉన్న దొర తల. రెండోవైపు కిరీటం, ఎవరికీ అర్థంకాని అక్షరాలు.

‘‘మా తాత పెట్టెల దొరికింది. ఏందో తెల్వది’’ అంటాడు తెచ్చినాయన.

దుకాణదారు గీటురాయి మీద ఓ గీత గీస్తాడు. ‘‘వెండే సార్. తూకం పెట్టమంటరా?’’

‘ఊ’ అంటే చాలు. ఆ బిళ్ల కొలిమిలో కరిగిపోతుంది. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి పరుగెత్తింది మరి. తొందర ఎవరికైనా ఉంటుంది. కానీ ‘ఊ’ అనే ముందు ఒక్క పూట ఆగితే ఆ బిళ్ల తన కథ తానే చెబుతుంది.

మన ఊరికెలా వచ్చింది?

చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా రూపాయిని ఇక్కడి పెద్దవాళ్లు చూడగానే గుర్తుపడతారు. రష్యా బిళ్ల అలా కాదు. అయితే అది తెలుగు ఇంటికి రావడం మరీ వింతేమీ కాదు. సోవియట్ రోజుల్లో అక్కడ చదువుకుని వచ్చినవాళ్లున్నారు. ఇస్కస్ లాంటి మిత్ర సంఘాల తరఫున వెళ్లొచ్చినవాళ్లున్నారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ రష్యా పతకాలు అందుకున్న భారతీయ సైనికులున్నారు. అలా వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన వాటిలో ఎక్కువ భాగం చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జీలు. అవి చాలావరకు అల్యూమినియం, ఇత్తడి. వెండివి తక్కువ. అందుకే ముందు ఏది ఏదో తేల్చుకోవాలి.

అక్షరాలే ఆనవాళ్లు

రష్యన్ లిపి కళ్లను మోసం చేస్తుంది. ఇంగ్లిషు ‘హెచ్’లా కనిపించేది వాళ్ల ‘న’. ‘పి’లా ఉండేది ‘ర’. ‘సి’లా ఉండేది ‘స’. వరుసగా మూడు ‘సి’లు, చివర ఒక ‘పి’ ఉంటే అది సీసీసీపీ కాదు, ఎస్‌ఎస్‌ఎస్‌ఆర్. అంటే సోవియట్ యూనియన్. అలాంటి బిళ్ల 1922 తర్వాతిదే.

మరో గుర్తు ఇంకా తేలిక. మాటల చివర ఎడమవైపు చిన్న కొక్కెం ఉన్న ‘బి’ లాంటి అక్షరం పదేపదే కనిపిస్తోందా? అయితే అది చాలామటుకు జార్ల కాలం నాటిది. 1918లో రష్యన్ రాతను సంస్కరించినప్పుడు మాటల చివరి నుంచి ఆ అక్షరాన్ని తీసేశారు.

గడ్డం దొర బిళ్ల మీద 1896 అని ఉంటే దాదాపు చిక్కు వీడినట్టే. ఆ ఏడాది మాస్కోలో రెండో నికొలస్ చక్రవర్తికి పట్టాభిషేకం జరిగింది. దానికి గుర్తుగా వెండి పతకాలు ఇచ్చారు. వెడల్పు సుమారు 28 మిల్లీమీటర్లు, వేలాడదీసే రిబ్బను లేత నీలం. పట్టాభిషేకమైన నాలుగు రోజులకు ఖొదింకా మైదానంలో కానుకలు పంచుతుంటే జరిగిన తొక్కిసలాటలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ చేదు జ్ఞాపకం కూడా ఈ పతకం వెనక ఉంది.

నిజంగా వెండేనా?

నగలు, గిన్నెల మీదైతే ‘84’ అనే అంకె కనిపించవచ్చు. పాత రష్యాలో వెండి స్వచ్ఛతను 96 పాళ్లకు లెక్కగట్టేవారు. మనం బంగారాన్ని 24 క్యారెట్లకు లెక్కేసినట్టన్నమాట. 96కి 84 అంటే వెయ్యికి 875. అంకె పక్కన తలపాగా లాంటిది పెట్టుకున్న ఆడమనిషి ముఖం ఎడమవైపు చూస్తుంటే 1899-1908 మధ్యది. కుడివైపు చూస్తుంటే ఆ తర్వాతిది. సుత్తి పట్టుకున్న కార్మికుడి తల 1927 నుంచి 1958 దాకా వాడిన ముద్ర. ఆపై వచ్చింది సుత్తీకొడవలి ఉన్న నక్షత్రం. టంకశాలలో కొట్టిన పతకాల మీద ఇలాంటి ముద్ర ఉండకపోవచ్చు. లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు.

గీటురాయితో గాటు పెట్టకుండా పరీక్షించే దారీ ఉంది. కంసాలి వాడే చిన్న డిజిటల్ త్రాసు మీద గ్లాసెడు నీళ్లు పెట్టి, అంకెను సున్నాకు తేవాలి. బిళ్లను దారంతో కట్టి, అడుగు తాకకుండా నీళ్లలో మునిగేలా వేలాడదీయాలి. బిళ్ల 20 గ్రాములుంటే, 875 వెండికి త్రాసు సుమారు 1.94 గ్రాములు చూపిస్తుంది. ఇత్తడి మీద వెండి పూత అయితే 2.35 దాకా చూపిస్తుంది. ఎనామిల్ పని ఉన్నవాటికి మాత్రం ఈ లెక్క కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. నల్లబడింది కదా అని చింతపండు, విభూతి పెట్టి తోమకండి. ఆ నలుపే దాని వయసుకు సాక్ష్యం. తళతళలాడేలా తోమిన పతకాన్ని చూస్తే సేకర్తలు మొహం తిప్పుకుంటారు. గొలుసులో వేసుకోవడానికని కొత్తగా కొక్కెం అతికించినా అంతే.

ధర ఎవరు చెబుతారు?

కరిగిస్తే వచ్చే వెండి ధర అన్నిటికన్నా అడుగు మెట్టు. ఆ పైన ఎంతన్నది ఎన్ని మిగిలాయి, ఎలా ఉన్నాయి, ఎవరివి అన్న మూడు ప్రశ్నలు తేలుస్తాయి. 1980 మాస్కో ఒలింపిక్స్‌కు సోవియట్ ప్రభుత్వం 28 రకాల వెండి నాణేలు విడుదల చేసింది. చక్కని నాణేలే. కానీ చాలామంది దగ్గర ఉన్నాయి కాబట్టి మామూలు వాటి ధర వెండి ధరకు అటూ ఇటూగానే ఉంటుంది. పతకాలకైతే దియాకోవ్ కేటలాగును సేకర్తలు ప్రామాణికంగా చూస్తారు. ఎవరో అడుగుతున్న ధర కాదు, వేలంలో నిజంగా పలికిన ధరలు రెండు మూడు చూసుకోవాలి. నూరేళ్లు దాటిన నాణేలను, చారిత్రక వస్తువులను సొంతంగా విదేశాలకు పంపడానికి 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు. ఆ సంగతీ గుర్తుంచుకోవాలి.

‘ఎవరివి’ అన్న ప్రశ్న ఎంత పెద్దదో చెప్పడానికి ‘రెడ్ స్టార్’ ఒక్కటి చాలు. 1930లో మొదలైన ఈ సోవియట్ సైనిక పురస్కారం వెండితో చేసింది. ముదురెరుపు ఎనామిల్ నక్షత్రం, మధ్యలో తుపాకీ పట్టిన సైనికుడు, వెనక వరుస సంఖ్య. మొత్తం 38 లక్షలకు పైగా ఇచ్చారు. ఆ లెక్కన అరుదైనదేమీ కాదు. కానీ 1944లో వాటిలో రెండు భారతీయ సైనికులకు దక్కాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇరాన్ మీదుగా సోవియట్ సేనలకు సరుకులు చేరవేసిన దళంలో పనిచేసినవాళ్లు వాళ్లు. ఒకరు గజేంద్రసింగ్. మరొకరు తమిళనాడులోని డెంకణికోటకు చెందిన సుబేదార్ నారాయణరావు నిక్కం.

అదే వెండి, అదే ఎరుపు, అదే తూకం. వెనకున్న సంఖ్య ఓ మనిషి పేరుతో ముడిపడితే దాని స్థానం త్రాసులో కాదు, చరిత్రలో. ఆ ముడి వేసేది బిళ్ల పక్కనే పెట్టెలో పడి ఉన్న పాత ఉత్తరం, వెలిసిన ఫొటో, మడతలు పడిన సర్టిఫికెట్. ఇల్లు సర్దేటప్పుడు వెండిని దాచి, చిత్తు కాగితాలని వాటిని పారేసే ఇళ్లే ఎక్కువ. చేయాల్సింది సరిగ్గా తలకిందులు. ముందు కాగితాలు దాచండి. బిళ్లకు రెండువైపులా ఫొటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని అడగండి.

బులియన్ మార్కెట్‌లో త్రాసు రేపు కూడా ఉంటుంది. తాత సంగతులు తెలిసిన నానమ్మ రేపు ఉంటుందో లేదో!