విమానం దొరకలేదు, దోషి మాత్రం దొరికాడట!

మలేషియా ఎయిర్‌లైన్స్‌కు చెందిన ఎం.హెచ్. 370 విమానం కోసం 2025 డిసెంబర్ 30 నుంచి దక్షిణ హిందూ మహాసముద్రంలో మళ్ళీ గాలింపు మొదలవుతుందని ఆ దేశ రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ఓషన్ ఇన్ఫినిటీ అనే సంస్థ 55 రోజులపాటు, విడతలు విడతలుగా, సముద్రగర్భాన్ని వెదుకుతుందని అప్పుడు చెప్పింది. విమానం దొరికితే 7 కోట్ల డాలర్లు, దొరకకుంటే పైసా లేదు అన్నది ఒప్పందం. దొరకాలనే మేము దుఆ చేస్తున్నాము. 2014 మార్చి 8వ తేదీ అర్ధరాత్రి దాటాక కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు బయలుదేరిన ఆ విమానంలో 239 మంది ఉన్నారు. వారిలో ఐదుగురు మన దేశస్థులు. వారి ఆప్తులు దాదాపు పన్నెండేళ్ళుగా జనాజా లేని, దహనం లేని శోకంతో బతుకుతున్నారు.

ఆ శోకం తెలుగునాటికి కొత్తది కాదు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళుతున్న వైమానిక దళ విమానం 29 మందితో బంగాళాఖాతంపై అదృశ్యమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. సముద్రం అడుగున, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయన్న కబురు వారి ఇళ్ళకు చేరేసరికి 2024 జనవరి వచ్చింది. ఆ ఏడున్నరేళ్ళలో ఆ విమానం నడిపినవారి మతమేమిటని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే సంస్కారం. ఆ సంస్కారం ఎం.హెచ్. 370 విషయంలో ఎందుకు కొరవడిందన్నదే మా ప్రశ్న. గాలింపు మళ్ళీ మొదలైతే పాత అనుమానాలూ మళ్ళీ మొదలవుతాయి కనుక, ఈ మాట ఇప్పుడే చెప్పవలసి ఉంది.

2014 మార్చి రెండవ వారాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. ప్రయాణికులలో ఇద్దరు థాయిలాండ్‌లో దొంగిలించబడిన పాస్‌పోర్టులతో ఎక్కారని తెలియగానే ‘ఉగ్రవాదులు’ అన్న మాట టీవీ తెరలకెక్కింది. వారు ఇరాన్ యువకులని తేలగానే అనుమానం నిర్ధారణ అయిపోయింది. నిజానికి వారు ఐరోపాలో ఆశ్రయం వెదుక్కుంటూ బయలుదేరినవారు. ఒకనికి పందొమ్మిదేళ్ళు; తల్లి జర్మనీలో ఎదురుచూస్తూ ఉంది. వారు ఉగ్రవాదులని భావించడానికి ఆధారం కనబడడం లేదని మూడు రోజుల్లోనే ఇంటర్‌పోల్ అధిపతి చెప్పారు. ఆలోగానే ప్రపంచ పత్రికాధిపతి రూపర్ట్ మర్డోక్ ఇది జిహాదీల పనేనని ట్విట్టర్‌లో తీర్పు చెప్పేశారు. వారం తిరిగేసరికి అమెరికా విదేశాంగ శాఖలో ఒకప్పుడు ఉప మంత్రిగా ఉన్న స్ట్రోబ్ టాల్బోట్, భారతదేశంలోని ఏదో నగరంపై 9/11 తరహా దాడికే ఆ విమానాన్ని మళ్ళించి ఉంటారని కొందరు అనుమానిస్తున్నట్లు రాశారు. ఆ ఒక్క వాక్యం మన దేశపు చానళ్ళకు ఎంత మేత అయిందో చూసినవారికి తెలుసు.

ప్రయాణికులపై అనుమానం నిలవకపోయేసరికి వేలు పైలట్ వైపు తిరిగింది. కెప్టెన్ జహారీ అహ్మద్ షా అప్పటి మలేషియా ప్రతిపక్ష నాయకుడు అన్వర్ ఇబ్రహీం పక్షాన ఉన్నవాడు. అన్ని జాతులవారూ ఉన్న, ప్రజాస్వామ్యం కోరే పార్టీ అది. అయినా ఒక బ్రిటిష్ ఆదివారపు పత్రికకు ఆయన రాజకీయోన్మాది అయ్యాడు.

ఆ రోజులలో మేము ఒక జిల్లా కేంద్రంలో గుమాస్తాగా పనిచేస్తున్నాము. మధ్యాహ్నం టీ వేళ ఒక సహోద్యోగి, ఎంతో మంచివాడు, సహకార సంఘం అప్పుకు మాకు జామీను సంతకం పెట్టినవాడు, పత్రిక మడిచి పక్కన పెట్టి, “ఏం భాయ్, ఇది మీవాళ్ళ పనేనంటారా?” అన్నాడు. ఆ మాటలో ద్వేషం లేదు. అందుకే ఎక్కువ నొప్పి కలిగింది. పక్క ఊరిలో ఏదైనా జరిగితే మా వీధి పెద్దను అడిగినట్లు, హిందూ మహాసముద్రంలో జరిగినదానికి మమ్ములను అడిగాడు. మేము నవ్వి ఊరుకున్నాము. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాము. ఫైలులో ఆధారం లేని మాట రాస్తే సూపరింటెండెంటు చేత చీవాట్లు తినే ఉద్యోగం మాది. ఒక మనిషిపై, ఒక సముదాయంపై ఆధారం లేకుండా నోట్ రాయడానికి మాత్రం ఏ సూపరింటెండెంటూ అడ్డురాడు.

ఈ అలవాటు 2014లో పుట్టినది కాదు. 1999 అక్టోబర్ 31న న్యూయార్క్ నుంచి కైరో వెళుతున్న ఈజిప్ట్ ఎయిర్ 990 విమానం అట్లాంటిక్‌లో కూలి 217 మంది మరణించారు. సహ పైలట్ ‘తవక్కల్తు అలల్లాహ్’ అని పదే పదే పలికినట్లు కాక్‌పిట్ రికార్డరులో వినిపించింది. అల్లాహ్‌పై భారం వేశానన్న ఆ పలుకు మన ఇళ్ళలో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. గడప దాటేటప్పుడు, బస్సు ఎక్కేటప్పుడు, బిడ్డను పరీక్షకు పంపేటప్పుడు అంటాము. ఆపరేషన్ బల్లపై పడుకున్న ముసలమ్మ అంటుంది. అమెరికా పత్రికలలో అది ఆత్మాహుతికి ముందు చేసే ప్రార్థన అయింది. ‘నా నిర్ణయం తీసుకున్నాను’ అని కూడా అతడు అన్నట్లు మొదట వార్తలు లీకయ్యాయి. తరువాత ఆ మాట రికార్డింగులో లేనే లేదని తేలింది. ప్రమాదానికి సహ పైలట్ చర్యలే కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. ఎందుకు చేశాడో తేల్చలేదు. ఈజిప్టు ఆ నిర్ధారణను అంగీకరించనే లేదు. కానీ జనం మనసులో మిగిలినది ఆ దుఆ ఒక్కటే.

మరి ఇతర మతాల పైలట్లు విమానాలు కూల్చలేదా? ఎం.హెచ్. 370కి మూడు నెలల ముందే, 2013 నవంబర్ 29న, మొజాంబిక్ విమానాన్ని దాని కెప్టెనే నమీబియాలో నేలకూల్చాడు. 33 మంది పోయారు. ఆ కెప్టెన్ ప్రార్థన ఏమిటో ఎవరైనా రాశారా? 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ సహ పైలట్, కెప్టెన్ బయటికి వెళ్ళగానే తలుపు బిగించి, ఆల్ప్స్ పర్వతాలకు గుద్ది తనతో సహా 150 మందిని చంపాడు. అప్పుడు దర్యాప్తు మానసిక వ్యాధి గురించి, వైద్యుల గోప్యత గురించి, కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరు ఉండాలన్న నియమం గురించి సాగింది. అలా సాగడమే సబబు. అయితే అప్పుడు కూడా కొన్ని ముస్లిం వ్యతిరేక వెబ్‌సైట్లు అతడు రహస్యంగా ఇస్లాం స్వీకరించాడని అబద్ధం అల్లాయి. హంతకుడు ముస్లిం కాకపోతే ముస్లింగా మార్చుకునేదాకా వారికి నిద్ర పట్టలేదు.

కెప్టెన్ జహారీ నిర్దోషి అని మేము వాదించడం లేదు. ఆయన ఇంట్లోని సిమ్యులేటరులో దక్షిణ హిందూ మహాసముద్రం వైపు దారితీసే బిందువులు దొరికిన మాట వాస్తవం. దానిని దాచవలసిన అవసరం మనకు లేదు. 2018 జూలైలో వెలువడిన 495 పుటల దర్యాప్తు నివేదిక విమానాన్ని ఎవరో చేతితోనే వెనక్కు మళ్ళించారని చెప్పింది. మూడవ వ్యక్తి జోక్యాన్ని తోసిపుచ్చలేమన్నది. పైలట్ల ప్రవర్తనలో మార్పు కనబడలేదన్నది. కారణం నిర్ధారించలేకపోయామని ముగించింది. రేపు శకలాలు దొరికి ఆయనే చేశాడని రుజువైతే ఆ పాపం ఆయనది. అది ఆయన నమాజుది కాదు, ఆయన పేరున్న కోట్లాది మందిది అంతకంటే కాదు.

ఇక్కడ అహ్మదాబాద్ మాట చెప్పాలి. 2025 జూన్ 12న ఎయిర్ ఇండియా విమానం కూలి, విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కడే బతికాడు. ఇంధనపు స్విచ్‌లు ఆగిపోయాయని ప్రాథమిక నివేదిక రాగానే అమెరికా పత్రికలు కెప్టెన్‌పై నింద మోపసాగాయి. పైలట్ల సంఘాలు మండిపడ్డాయి. 91 ఏళ్ళ తండ్రి సుప్రీంకోర్టు గడప తొక్కితే, ఆ భారం మోయవద్దని, మీ కుమారుణ్ణి ఎవరూ నిందించలేరని న్యాయమూర్తులు నవంబర్‌లో ఆయనను ఊరడించారు. మేము ఆ తండ్రి పక్షాననే ఉన్నాము. అప్పట్లో ఆ పాత సహోద్యోగి మాకు ఫోన్ చేసి, “చచ్చిపోయినవాడు లేచొచ్చి జవాబు చెప్పుకోలేడు కదా భాయ్, ఏం రాతలివి!” అని ఆవేదన పడ్డాడు. “జహారీ కూడా లేచి రాలేడు” అన్నాము. కాసేపు అవతల చప్పుడు లేదు. “నిజమే, అప్పుడు నేనట్లా అనకుండా ఉండాల్సింది” అన్నాడు. పదకొండేళ్ళకు మా టీ గ్లాసు చేదు దిగింది.

మన వైపు తప్పులను కూడా ఒప్పుకోవాలి. అదే 2014లో కౌలాలంపూర్ విమానాశ్రయంలో ఒక మంత్రగాడు కొబ్బరికాయలు, వెదురు దుర్భిణి పట్టుకుని విమానాన్ని వెదికాడు. లోకం నవ్వింది, అక్కడి ధార్మిక పెద్దలే ఖండించారు. అమెరికా విమానాన్ని డియెగో గార్షియా స్థావరంలో దాచిందని, యూదుల కుట్ర అని మన వాట్సాప్ గుంపులలో తిరిగిన కథలకు లెక్కలేదు. ఒక జుమా రోజున మసీదు వరండాలో చదువుకున్న యువకులే వాటిని ప్రమాణం చేసి చెప్పడం మేము విన్నాము. వార్త తెచ్చినవాణ్ణి నమ్మేముందు విచారించమన్నది మనకు ఖురాన్ ఆజ్ఞ. ఇతరుల బద్‌గుమానీకి బాధపడే మనం అదే పని యూదుల పట్ల చేస్తే ఏ ముఖంతో ఫిర్యాదు చేస్తాము?

తెలుగు చానళ్ళలో ఈ విమానం కథ మళ్ళీ వస్తుంది. పైలట్ గడ్డం లేని ఫోటోకు కూడా భయంకరమైన సంగీతం జోడిస్తారు. నవ్వి ఊరుకోకండి. కార్యక్రమం పేరు, తేదీ, వేళ, పలికిన మాటలు రాసుకోండి. మర్యాదగా, ఆధారాలతో, 2018 నివేదికను ఉదహరిస్తూ సంపాదకునికి ఉత్తరం రాయండి. పదిహేను రోజులలో జవాబు రాకపోతే చానళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు పంపండి. ఇంగ్లీషులో రాయడం కష్టమైనవారు మా వద్దకు రండి. ముప్పై ఏళ్ళు డ్రాఫ్టులు రాసిన చెయ్యి ఇంకా పనిచేస్తూనే ఉంది. ఒక నకలు ఈ పత్రికకు కూడా పంపండి.