గ్రీజు అంటిన చేతులు

2019 జనవరిలో పోలవరం ప్రాజెక్టు దగ్గర 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. అలాంటి పనుల్లో యంత్రాలు మొరాయించకుండా రేయింబవళ్లు కాచుకుని ఉండే మెకానిక్కుల పేర్లు ఏ పత్రికలోనూ రావు. సంఘంలోనూ వారిది అదే పరిస్థితి. కొత్త టిప్పర్ కొంటే ప్రార్థన చేయమని పాస్టర్లమైన మమ్మల్ని పిలుస్తారు. మేము వెళ్లి బండి మీద చేతులుంచి ప్రార్థిస్తాం. ఆ బండి కింద పడుకుని పనిచేసేవాడి కోసం ఎన్నడైనా ప్రార్థించామా? పైగా ఆదివారం ఆరాధనకు రాలేదని అతణ్నే తప్పుపట్టాం.

అది ప్రాణాలతో చెలగాటమాడే పని. పైకి లేపిన తొట్టి కింద మరమ్మతు చేస్తుండగా హైడ్రాలిక్ గొట్టం పగిలితే తొట్టి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అందుకే సపోర్టు పెట్టనిదే ఎవరూ కింద దూరకూడదు. కానీ 'బండి ఆగితే నష్టం, త్వరగా తేల్చు' అనే ఒత్తిడిలో మొదట వదిలేసేది ఆ సపోర్టునే.

మా సంఘంలోని ఒక సోదరుడు ఒకరోజు వచ్చి, "అయ్యగారూ, బ్రేకు లైనింగులు అరిగిపోయాయి. ఓనరు ఈ ట్రిప్పుకు కానిచ్చేయమంటున్నాడు. కాదంటే పని పోతుంది. ఏం చేయమంటారు?" అని అడిగాడు. మేము సూటిగా జవాబివ్వలేక, ప్రార్థన చేసి పంపించాం. ఆ రాత్రి నిద్రపట్టలేదు. కొత్త ఇల్లు కట్టించేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలనీ, లేకుంటే పడి చనిపోయినవాని రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుందనీ దేవుడు ఆజ్ఞాపించాడు (ద్వితీ 22:8). ఆనాటి పిట్టగోడే ఈనాటి బ్రేకు, ఈనాటి సపోర్టు. ఆ ఆజ్ఞ కూలివానికి కాదు, ఇంటి యజమానికి!

మర్నాడు మేము వెళ్లేసరికి, లైనింగులు మార్చందే తాళాలు ఇవ్వనని ఆ సోదరుడు అప్పటికే చెప్పేశాడు. ఆ పని పోగొట్టుకున్నాడు. ఆ రోజు ప్రసంగం చేసింది అతడే, విన్నది మేము.

ప్రియులారా, ప్రత్యక్ష గుడారపు పనికోసం దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపాడు (నిర్గమ 31:3). నైపుణ్యం దేవుని వరమైతే, దాన్ని నమ్మకంగా వాడేవానికి సంఘం అండగా నిలవాలి. పని పోయిన ఇంటికి బియ్యం పంపడం, మరోచోట పని చూపించడం కూడా పరిచర్యే. మన ముందు వరుసల్లో కూర్చునే కాంట్రాక్టర్లతో, బండ్ల యజమానులతో ఈ మాట చెప్పడానికి మేము జంకకూడదు. ఇకమీదట బండికి ప్రార్థన చేసేటప్పుడు మెకానిక్కును కూడా పిలుద్దాం. గ్రీజు అంటిన ఆ చేతులు పట్టుకుని ప్రార్థిద్దాం.