ప్రయోగశాలలకు ప్రజాధనము

పరిశోధనకును నూతన పరిశ్రమలకును లక్ష కోట్ల రూపాయల నిధిని ఏర్పరుపవలెనని 2025 జూలై నెలలో కేంద్ర మంత్రివర్గమువారు నిర్ణయించిరి. కొత్త విద్యను సాధించి దానిని కర్మాగారమున ప్రవేశపెట్టబూనిన ప్రైవేటు కంపెనీలకు ఈ నిధినుండి దీర్ఘకాలిక ఋణములు స్వల్పమైన వడ్డీకిగాని, అసలు వడ్డీయే లేకుండగాని లభించును. కొన్నియెడల ప్రభుత్వధనము వాటాల రూపమునను చేరును. 2020-21 లెక్కలనుబట్టి పరిశోధనకై మన దేశము వెచ్చించినది జాతీయోత్పత్తిలో నూటికి 0.64 మాత్రమే. చైనా నూటికి రెండుకు మించి వెచ్చించుచున్నది. దక్షిణ కొరియా దాదాపు ఐదు వెచ్చించుచున్నది. ఇట్టి స్థితిలో ఈ నిర్ణయమును మేము మనఃపూర్వకముగ స్వాగతించుచున్నాము.

అయినను ఒక్క మాట అడుగవలసియున్నది. ఈ లక్ష కోట్లు ఎవరి సొమ్ము? అగ్గిపెట్టె కొనిన కూలివాడును, సబ్బుబిళ్ల కొనిన యిల్లాలును పన్నురూపమున చెల్లించిన సొమ్ము. నూరు రూపాయలు బదులిచ్చు షావుకారు సైతము నోటు వ్రాయించుకొనక ఇయ్యడు. కోట్లాది జనుల పక్షమున ఋణమిచ్చు ప్రభుత్వమువారు ఏమి వ్రాయించుకొనుచున్నారు?

ఈ విషయమున దేశమునందు రెండు వాదములు వినబడుచున్నవి. పరిశ్రమలజోలికి ప్రభుత్వము పోరాదు, వ్యాపారులను వారి మానమున వారిని విడిచిన చాలునని కొందరందురు. భూమిని చౌకగానిచ్చి, కరెంటులో రాయితీ చూపి, పన్నులు మాఫీ చేసినచో నూతన విద్య తానై వచ్చి వ్రాలునని మరికొందరందురు. ఈ రెండును అనుభవమునకు నిలువవు. సాక్ష్యమునకు దూరదేశములు పోనక్కరలేదు. హైదరాబాదునందలి మందుల పరిశ్రమ చరిత్రయే చాలును.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు పాఠకులకు సుపరిచితమే. కోస్తా జిల్లాల ప్రజలను తరతరములుగా పీడించిన బోదకాలు వ్యాధికి నేటికిని వాడబడుచున్న ఔషధము ఆయన నాయకత్వమున వెలువడినదే. కాని అది వెలువడినది కృష్ణాతీరమునగాని గోదావరీతీరమునగాని కాదు. అమెరికాలోని ఒక కంపెనీవారి ప్రయోగశాలలో. 1948లో ఆయన అక్కడనే కన్నుమూసిరి. మనకు మేధకు కొరత లేకుండెను. ఆ మేధకు పనిముట్లనిచ్చి, ఏండ్ల తరబడి జీతమిచ్చి, ఫలితమునకై ఓపికతో వేచియుండు సంస్థయే మనకు లేకుండెను.

అట్టి సంస్థలు క్రమముగా ఏర్పడినవి. 1944లో హైదరాబాదు సంస్థానమున స్థాపింపబడిన పరిశోధనశాలను 1956లో కేంద్ర పరిశోధన మండలివారు స్వీకరించిరి. అదియే నేటి భారత రసాయన సాంకేతిక సంస్థ. 1961లో ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వ కంపెనీ వెలసెను. సోవియట్ సహాయముతో అది హృషీకేశమున యాంటీబయోటిక్కుల కర్మాగారమును, హైదరాబాదున సంశ్లేషిత ఔషధముల కర్మాగారమును నెలకొల్పెను. 1970లో పార్లమెంటువారు పేటెంటు చట్టమును చేసిరి. అది 1972లో అమలునకు వచ్చెను. న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారుగారు 1959లో సమర్పించిన నివేదిక దానికి పునాది. ఆ చట్టము ప్రకారము 2005 వరకు మందుకు పేటెంటు లేకుండెను. మందును తయారుచేయు విధానమునకు మాత్రమే ఉండెను. ఒకే మందును వేరొక మార్గమున చేయగల రసాయన శాస్త్రజ్ఞునికి తలుపు తెరువబడెను. అట్టి వేరు మార్గములను వెదకుటలోనే మన ప్రయోగశాలలు ఆరితేరినవి.

ప్రయోగశాల, ప్రభుత్వ కర్మాగారము, చట్టము: ఈ మూడును కలిసిననాడు ఫలములు కనబడినవి. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి అనుభవము గడించిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. ఎయిడ్స్ వ్యాధికి వాడు జిడోవుడిన్ అను మందును చేయు విధానమును హైదరాబాదు ప్రయోగశాలయే రూపొందించి బొంబాయిలోని సిప్లా కంపెనీకి అందించెను. ఆ సిప్లాయే 2001లో మూడు మందుల చికిత్సను రోగి యొక్కనికి ఏడాదికి 350 డాలర్లకు ఇయ్యగలమని ప్రకటించెను. పాశ్చాత్య కంపెనీలు అదే చికిత్సకు పదివేల డాలర్లకు మించి గుంజుచుండిన కాలమది. ఆఫ్రికా ఖండమున మరణముఖమున నున్న లక్షలాది రోగులకు ఆ ప్రకటన ప్రాణభిక్ష అయ్యెను. 1997లో శాంతా బయోటెక్నిక్స్ వారు వెలువరించిన హెపటైటిస్-బి టీకా వెనుకను ఉస్మానియా విశ్వవిద్యాలయపు నీడయు, ప్రజాధనముతో నడుచు కణజీవశాస్త్ర పరిశోధనాలయపు అండయు గలవు. సాహసము వ్యక్తులది, ఆ సాహసము కాలూనిన నేల ప్రజలది.

ఇక రెండవ పుటను త్రిప్పుదము. ఐ.డి.పి.ఎల్. క్రమముగా నష్టముల పాలై, 1992లో ఖాయిలా సంస్థగా ప్రకటింపబడి, 2016లో మూసివేత తీర్మానమునకు గురియయ్యెను. నిర్వహణలోపములు ఉండిన నుండవచ్చును. కాని సంస్థను సంస్కరింపక విడిచినందువలన పోయినది ఇటుకలును యంత్రములును మాత్రమే కాదు. ఒకనాడు మన ప్రభుత్వ కర్మాగారములలో తయారైన పెన్సిలిన్, చైనా సరకు చౌకగా వచ్చి పడగానే, ఈ దేశమున తయారగుట నిలిచిపోయెను. 2020 నాటికి మనము దిగుమతి చేసికొను ముడిమందులలో దాదాపు మూడింట రెండు పాళ్లు చైనానుండియే వచ్చుచుండెను. మహమ్మారి వచ్చి నౌకలు నిలిచిన వేళ పాలకులకు కనువిప్పు కలిగెను. ఆ సంవత్సరమే ముడిమందుల తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకము వెలువడెను. దాని ఫలముగా 2024లో కాకినాడ చెంత పెన్సిలిన్ తయారీ మరల ఆరంభమయ్యెను. సంతోషమే. కాని చేతనున్న విద్యను జారవిడిచి, తిరిగి దానికొరకే ప్రజలచేత రెండవమారు వెల చెల్లింపజేయుట ఏపాటి పొదుపు?

చెల్లింపబడిన వెల ధనము మాత్రమే కాదు. పటాన్‌చెరు ప్రాంతమున మందుల కర్మాగారముల మురుగు నక్కవాగున కలిసి పొలములను, బావులను పాడుచేసినది. ఆ రైతుల మొర 1990లో సుప్రీముకోర్టుకెక్కినది. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు అచ్చట శుద్ధిచేసి విడిచిన నీటిని పరీక్షించి, చికిత్స పొందు రోగి రక్తమున నుండుదానికంటె అధికముగా ఒక యాంటీబయోటిక్ అందున్నదని లోకమునకు తెలిపిరి. ఇట్టి నీటిలో పెరిగిన సూక్ష్మజీవులకు మందు లొంగదు. మందు చేయు చోటనే మందును నిష్ఫలముచేయు బీజములు నాటబడుట ఎంతటి విపరీతము! 2022లో కేంద్రమువారు మంజూరు చేసిన మూడు ముడిమందుల పార్కులలో ఒకటి ఆంధ్రప్రదేశమునకు వచ్చి, అనకాపల్లి జిల్లా నక్కపల్లి చెంత ఏర్పడుచున్నది. నక్కవాగు కథ నక్కపల్లి సముద్రతీరమున పునరావృతము కారాదు. అచ్చటి బెస్తవారికి వల, రైతునకు పొలము ఎట్టివో, కంపెనీకి పేటెంటు అట్టిదే. ఒకరి ఆస్తిని రక్షించు చట్టము మరియొకరి జీవనమును విస్మరింపజాలదు.

షరతులు వ్రాసికొనిన కంపెనీలు పారిపోవునని భయపెట్టువారు కలరు. ఈ భయము నిరాధారము. 2021లో వాడుకకు వచ్చిన కోవాగ్జిన్ టీకాను భారత వైద్య పరిశోధన మండలియు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థయు కలిసి రూపొందించెను. నికర అమ్మకములపై నూటికి ఐదు వంతులు మండలికి చెల్లునట్లు ఒప్పందము వ్రాయబడెను. కంపెనీ పారిపోలేదు; టీకాయు ఆగలేదు. అయితే ఆ యేడు ఏప్రిలులో అదే టీకాకు ప్రైవేటు ఆసుపత్రులకు 1,200, రాష్ట్ర ప్రభుత్వములకు 600 రూపాయలని ధర ప్రకటింపబడగా దేశమంతట అలజడి రేగెను. పిమ్మట రాష్ట్రముల ధర 400కు తగ్గింపబడెను. రాయల్టీని ముందుగా వ్రాసికొనినచో రాయల్టీ దక్కినది. ధరనుగూర్చియు ముందుగనే స్పష్టముగ వ్రాసికొనియున్నచో శ్మశానములు నిండుచున్న దినములలో బేరసారములు నడుచు దుర్గతి తప్పియుండును గదా.

కావున ఈ నూతన నిధి విషయమున మేము కోరునది స్వల్పము, స్పష్టము. ఎవరికి ఎంత ఋణము, ఏ పనికి, ఏ షరతులపై ఇచ్చిరో సామాన్యుడు చదువుకొను రీతిని దేశభాషలలో ప్రకటింపవలెను. ప్రయోగము ఫలించి లాభము వచ్చినపుడు అందొక వంతు తిరిగి ప్రయోగశాలలకు చేరవలెను. ప్రజాధనముతో పుట్టిన మందుగాని యంత్రముగాని ఆపత్కాలమున ప్రజలకు అందుబాటు ధరకు లభించునట్లు ఒప్పందములోనే ఉండవలెను. మురుగు శుద్ధికాక ముందే ఋణపు రెండవ వాయిదా విడుదల కారాదు. ప్రయోగము విఫలమైనవానిని దొంగగా చూడరాదు. పరిశోధనలో వైఫల్యము సహజము. కాని ప్రయోగమే చేయక సొమ్మును దారిమళ్లించినవానిని ఉపేక్షింపరాదు. ఈ రెంటికిని గల భేదమును నిర్ణయించుటకు మంత్రుల చెప్పుచేతలలో లేని నిపుణుల సభ ఒకటి ఉండవలెను.

అన్నింటికిని మించినది మరియొకటి కలదు. విశ్వవిద్యాలయములలో ఆచార్య పదవులు ఏండ్ల తరబడి ఖాళీగానుండి, కళాశాలల ప్రయోగశాలలలో గాజుగొట్టములకు గతిలేక, విద్యార్థులు పరీక్షకొరకే ప్రయోగములను బట్టీయము వేయుచుండగా, పైయంతస్తున లక్ష కోట్లు క్రుమ్మరించినను ఫలమేమి? వేరునకు నీరు పోయక కొమ్మకు పందిరి వేసినట్లుండును. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయిగారు 1901లో బెంగాల్ కెమికల్స్ కంపెనీని ఏర్పరచినపుడు వారికి బలము ప్రెసిడెన్సీ కళాశాలలో తాము పాఠము చెప్పిన శిష్యబృందమే. పాఠశాల బల్లనుండి కర్మాగారపు కొలిమివరకు బాట ఒక్కటే. నడుమ ఎచ్చట తెగినను గమ్యము చేరదు.

పఠనాలయములందు ఈ పత్రికను చదువు సోదరులు ఈ విషయమును పెద్దలు చూచుకొందురులే యని విడువరాదు. ఊరి చెరువుకు గండిపడిన తూము లెక్కను గ్రామస్థులే అడుగుదురు. దేశపు నిధి లెక్కను అడుగుటకును వారికే హక్కు కలదు. ఓటు కొరకు వచ్చిన అభ్యర్థిని, గెలిచి వచ్చిన ప్రతినిధిని, ఈ ఋణముల షరతులెక్కడ ప్రకటించితిరని ప్రశ్నింపుడు. అడుగువారున్నచోటనే లెక్కలు సరిగా నుండును. విత్తనము ప్రజలదైనపుడు పంటలో పాలు ప్రజలకు చెందుట భిక్షము కాదు, న్యాయము.