ట్యాంకులోకి దిగేదెవరు?

మా బడిలో పదో తరగతి చదివిన కుర్రాడొకడు మొన్న పండక్కి ఊరొచ్చి మమ్మల్ని కలిశాడు. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా కాలి, తోలు ముడుచుకుపోయి ఉంది. హైదరాబాద్‌లో ఒక చిన్న బీరు తయారీ కేంద్రంలో పని. ట్యాంకులు కడిగే కాస్టిక్ సోడా వేడినీళ్లు పడ్డాయన్నాడు. "చేతికి తొడుగులియ్యలేదా?" అంటే నవ్వాడు. "చెయ్యి కాలడం నయం సార్. ట్యాంకులోకి దిగి అడుగు గీకమన్నారు. దిగనన్నాను. 'మీవాళ్లకిది కొత్తా?' అన్నాడు సూపర్‌వైజరు."

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

ఆ ట్యాంకులో ఏముంటుంది? బొగ్గుపులుసు వాయువు. పిల్లలకు మేము చెప్పే పాఠమే. బార్లీ రసం పులిసేటప్పుడు ఒక్కో లీటరుకు సుమారు ఇరవై లీటర్ల వాయువు పుడుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు ఎంత వాయువును కంటుందో లెక్కేసుకోండి. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. బీరు తీసేసినా అది అడుగునే పడుంటుంది. రంగు కనపడదు. నూటికి నాలుగు పాళ్లు చేరితేనే ప్రాణాపాయం. పది దాటితే కేక వెయ్యడానికి కూడా వ్యవధి ఉండదు, మనిషి కూలిపోతాడు. పడినవాణ్ణి తీద్దామని రెండోవాడు దిగుతాడు. వాడూ లేవడు.

మన ముసలివాళ్లకిది తెలుసు. జొన్న పాతర తెరిచిన రోజున మనిషిని దించే ముందు దీపం దించేవాళ్లు. దీపం ఆరితే ఎవరూ దిగేవాళ్లు కాదు. అయితే దీపాన్నీ నమ్మలేం. అది వెలుగుతుండగానే మనిషి పడిపోవచ్చు. అందుకే వాయువును కొలిచే మీటరు కావాలి. లక్షలు పోసి మెరిసే స్టీలు ట్యాంకులు కొన్న యజమానికి ఆ మీటరు మాత్రం బరువైందా?

"మీవాళ్లకిది కొత్తా?" అన్నదాంట్లోనే గుట్టంతా ఉంది. మురుగు గుంతలోకి ఎవర్ని దించారో బీరు ట్యాంకులోకీ వాళ్లనే వెతుకుతున్నారు. గ్లాసు పట్టుకునే చేతులు వేరు, అడుగు గీకే చేతులు వేరు. మురుగు చావులమీద మనవాళ్లు ఏళ్ల తరబడి పోరాడితేనే 2013 చట్టం వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు ఒక్కో మురుగు చావుకు 30 లక్షల పరిహారం ఇమ్మంది. అక్కడా చావులు ఆగలేదు. ఇక ఈ ట్యాంకుల గురించి అడిగేదెవరు?

సారా దుకాణాలు మూయించిన జనానికి బీరు కంపెనీ గొడవ ఎందుకని కొందరంటారు. 1992లో దూబగుంట తల్లులు లేచింది బిడ్డల బతుకుల కోసమే. తాగుడుమీద మా మాట మారలేదు. కానీ కూలికెళ్లిన బిడ్డ ఏ సరుకు తయారుచేసినా వాడి ఊపిరి వాడిదే.

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ స్పష్టంగానే చెప్పింది. ప్రమాదకర వాయువుండే ట్యాంకులోకి దిగాలంటే, లోపల వాయువు లేదని తెలిసినవాడు పరీక్షించి రాసివ్వాలి. లేదా దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు ఉండాలి, బెల్టు తాడు కొస బయట మనిషి చేతిలో ఉండాలి. కరెంటుతో నడిచేచోట పదిమంది పనివాళ్లుంటే అది ఫ్యాక్టరీయే. ఇప్పుడేం చేశారు? ఆ చట్టాన్ని మింగిన 2020 భద్రతా కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చింది. పదిని ఇరవై చేసింది. పన్నెండుమందితో నడిచేది ఇక ఫ్యాక్టరీ కాదట! పనివాళ్లను లెక్కబెట్టి చంపుతుందా వాయువు?

1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. వారానికి 48 గంటల పని 1946లో చట్టమైంది. ఆయన కాలంలో గెలిచినవి మన కాలంలో పోగొట్టుకుందామా?

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. మనిషిని దించకుండా బయటినుంచే ట్యాంకు కడిగే ఏర్పాటుండాలి. దించక తప్పదంటే గాలి కొట్టి, మీటరు పెట్టి, తాడు కట్టి, పైన మనిషిని నిలబెట్టాలి. కాస్టిక్‌కు కళ్లద్దాలు, తొడుగులు, పక్కనే ధారగా నీళ్లు ఉండాలి. దిగనన్నవాణ్ణి పనిలోంచి తియ్యకూడదు. పనివాళ్లెందరున్నా ఈ రూలు వర్తించాలి.

అక్కడ పనిచేసే తమ్ముళ్లకొక మాట. కాస్టిక్‌ను నీళ్లలో కలపండి, నీళ్లను కాస్టిక్‌లో పొయ్యకండి. కంట్లో పడితే పావుగంట ఆపకుండా కడిగి ఆస్పత్రికి పరుగెత్తండి. తోటివాడు ట్యాంకులో పడితే వెంటనే దూకకండి. కేకెయ్యండి, గాలి పంపండి, తాడుతో లాగండి.

మా కుర్రాడు దిగలేదు. పని పోయింది, ప్రాణం మిగిలింది. ఆ ట్యాంకు మాత్రం అక్కడే ఉంది. ఇవాళ దాని మూత దగ్గర ఇంకెవరి బిడ్డో నిలబడి ఉంటాడు. వాడు కూడా "దిగను" అనేలా, అన్నాక వాడి పని పోకుండా చూడటం మనందరి పని.

జై భీమ్!