ఓడిపోయినా అనుభవం పోదు



వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమన్నప్పుడు నేను 'చదువు విలువ' గురించో, 'యువత - బాధ్యత' గురించో రాస్తానని అందరూ అనుకున్నారు. వీడియో గేముల గురించి రాస్తానంటే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "పి.జి. చదువుతూ ఇదేం పిచ్చిరా?" అని ఒకడు అనేశాడు కూడా. వాడి తప్పేమీ లేదు. హాస్టల్లో గేమ్ అనే మాట వినబడితే స్టడీ అవర్లో ఫోన్ లాగేసుకోవడమే ఎవరికైనా గుర్తొస్తుంది. అయినా రాస్తున్నాను. సెలవుల్లో నేను ఆడి పూర్తి చేసిన మూడు పాత జపాన్ ఆటలు నాకు ఒక విషయం నేర్పాయి. అది మన హాస్టల్‌కి పనికొచ్చే విషయమని నా నమ్మకం.

మన సీనియర్ అన్నలకు టీవీకి తగిలించి ఆడే క్యాసెట్ గేములు గుర్తుండే ఉంటాయి. గంటకింత అని ఇచ్చి మారియో, కాంట్రా ఆడినవాళ్ళు వాళ్ళు. అదే రకం మెషిన్ మీద జపాన్‌లో ఇంకో తరహా ఆటలు వచ్చేవి. వాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. వీటిలో గబగబా బటన్లు నొక్కే పని ఉండదు. కథలో మనమే ఒక పాత్ర. ఊరూరా తిరగాలి, కనబడినవాళ్ళతో మాట్లాడాలి, యుద్ధం వస్తే వంతులవారీగా కొట్టుకోవాలి. గెలిచిన ప్రతిసారీ కొంత 'అనుభవం' పాయింట్లుగా జమ అవుతుంది. అది పెరిగితే లెవెల్ పెరుగుతుంది. ఒక ఆట పూర్తి కావడానికి రోజులు, వారాలు పడుతుంది. మనం నవల చదివినట్టే, కొంచెం కొంచెంగా.

నేను మొదట ఆడింది 'డ్రాగన్ క్వెస్ట్'. 1986 మే 27న జపాన్‌లో విడుదలైంది. దాన్ని తయారుచేసినాయన పేరు యూజీ హోరీ. అంతకు ముందు ఇలాంటి ఆటలు అమెరికాలో ఉండేవి. 'విజార్డ్రీ', 'అల్టిమా' అనేవి 1981లోనే వచ్చాయి. కానీ అవి ఆడాలంటే ఖరీదైన కంప్యూటర్ కావాలి, ఇంగ్లీషు రావాలి, నియమాలన్నీ ముందే నేర్చుకోవాలి. హోరీకి ఆ ఆటలంటే ఇష్టం. వాటిలోని ఆనందం ఇంట్లో టీవీ ముందు కూర్చునే మామూలు పిల్లలకు కూడా అందాలనుకున్నాడు. అలా చేసిన ఆట మొత్తం 64 కిలోబైట్లు. ఇవాళ మన ఫోన్లో తీసే ఒక్క ఫోటో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ క్యాసెట్లో ఆటను దాచుకునే వీలు కూడా లేదు. ఆపేముందు 20 అక్షరాల మంత్రం ఒకటి చెప్తారు. దాన్ని కాగితం మీద రాసుకుని, మళ్ళీ ఆడేటప్పుడు చూసి కొట్టాలి. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా అంతవరకు ఆడింది పోయినట్టే. హాల్ టికెట్ నంబరు రాసేటప్పుడు మనం పడే భయం ఆ పిల్లలకు రోజూ ఉండేదన్నమాట!

ఆ ఆటలో నాకు బాగా నచ్చింది మొదటి గది. 1986 నాటి ఆటలో కథ రాజుగారి గదిలో మొదలవుతుంది. ఆ గది తలుపు వేసి ఉంటుంది. బయటకు వెళ్ళాలంటే రాజుతో మాట్లాడాలి, అక్కడున్న పెట్టెలు తెరవాలి, తాళం చెవి తీసుకోవాలి, తలుపు తీయాలి, మెట్లు దిగాలి. ఇంతే. కానీ ఈ పనులన్నీ చేసేసరికి ఆట మొత్తానికి కావలసిన పద్ధతులు మనకు తెలియకుండానే వచ్చేస్తాయి. ఎప్పుడూ ఇలాంటి ఆట చూడని పిల్లవాడు, పక్కన చెప్పేవాళ్ళెవరూ లేనివాడు కూడా దారి తప్పకూడదని హోరీ ఆ గదిని అలా కట్టాడు.

అది చూసినప్పుడు నాకు యూనివర్సిటీలో నా మొదటి రోజు గుర్తొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. టి.సి. ఎక్కడ ఇవ్వాలి, మైగ్రేషన్ అంటే ఏమిటి, చలానా ఎన్ని కాపీలు తీయాలి, ఇవేవీ చెప్పేవాళ్ళు లేరు. మా నాన్నని అడిగితే ఆయన నన్నే అడుగుతాడు. మూడు రోజులు ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిరిగాను. నా పక్కన నిలబడ్డ కుర్రాడు వాళ్ళ అన్నకి ఫోన్ చేసి పది నిమిషాల్లో పని ముగించుకున్నాడు. వాడు నాకన్నా తెలివైనవాడేమీ కాదు. వాడికి మొదటి గది ఉంది. నాకు లేదు.

డిగ్రీలో నా రూమ్మేట్ ఒకడుండేవాడు. లెక్కల్లో నాకన్నా ఎంతో మెరుగు. రెండో సంవత్సరంలో స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి కొత్త ఆదాయం సర్టిఫికెట్ పెట్టాలని వాడికి తెలియలేదు. తెలిసేసరికి గడువు దాటింది. ఆఫీసులో ఎవరినైనా అడగరా అంటే, "ఇంత చిన్న విషయం తెలీదా అని నవ్వుతారురా" అన్నాడు. ఫీజు కట్టలేక ఇంటికెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఇప్పుడు టైల్స్ పని చేస్తున్నాడు. ఆ పని తక్కువదని నేననను. కానీ వాడు ఆ పని ఎంచుకోలేదు. అడగడానికి సిగ్గుపడి అక్కడికి చేరాడు. ఆ గడువు సంగతి నాకు తెలుసు. అడక్కపోయినా వాడికి చెప్పాల్సింది. చెప్పలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

డ్రాగన్ క్వెస్ట్‌లో అడగకుండా ఒక్క అడుగు ముందుకు పడదు. ఏ ఊరికి వెళ్ళినా అక్కడి ముసలివాళ్ళనీ, సైనికులనీ, అంగడివాళ్ళనీ పలకరించాలి. ఒకరు గుహ ఎక్కడుందో చెప్తారు, ఇంకొకరు అక్కడికి దీపం లేకుండా వెళ్ళొద్దంటారు. పదిసార్లు అడిగినా ఎవరూ నవ్వరు. శత్రువు కోట మొదటి నుంచీ కళ్ళ ముందే, నీళ్ళకి అవతల కనబడుతూనే ఉంటుంది. కానీ అక్కడికి చేరాలంటే దేశమంతా చుట్టి రావాలి. రాజు ఇచ్చేది 120 బంగారు నాణేలు మాత్రమే. వాటితో మంచి కత్తి రాదు, దుడ్డుకర్రతో సరిపెట్టుకోవాలి. అన్నిటికన్నా చిన్న రాక్షసి పేరు స్లైమ్. దాన్ని కొడితే ఒక్క పాయింట్. అలాంటివి ఏడు కొడితే రెండో లెవెల్.

ఇక ఈ ఆటలోని ఒక నియమం చెప్తాను. మనం యుద్ధంలో చచ్చిపోతే ఆట మొదటికి రాదు. మళ్ళీ రాజు ముందు లేస్తాం. చేతిలో ఉన్న డబ్బులో సగం పోతుంది. కానీ సంపాదించిన అనుభవంలో ఒక్క పాయింట్ కూడా పోదు. ఎన్నిసార్లు ఓడినా అంతే. చేతివేగం లేనివాడు కూడా ఓపిక ఉంటే చివరిదాకా వెళ్ళగలిగే ఆట ఇది.

పి.జి. ఎంట్రన్స్‌లో నాకు మొదటిసారి సీటు రాలేదు. ఒక సంవత్సరం పోయింది. ఊళ్ళో అందరూ "ఏం బాబూ, చదువైపోయిందా?" అని అడుగుతుంటే ఇంట్లోంచి బయటకు రావాలనిపించేది కాదు. ఆ రోజుల్లోనే ఫోన్లో ఈ ఆట కొన్నాను. ఆడుతూ ఆడుతూ ఒకరోజు లెక్క వేసుకున్నాను. నాకు పోయింది సగం బంగారం. చదివిన సిలబస్ పోలేదు, పరీక్ష హాల్లో టైం ఎక్కడ చాలలేదో తెలిసిన తెలివి పోలేదు. మరుసటి ఏడు మళ్ళీ రాశాను, సీటొచ్చింది. ఆట వల్ల సీటొచ్చిందని చెప్పను, చదివితే వచ్చింది. మళ్ళీ పుస్తకం తెరవడానికి ఆ నియమం నాకు ఉపయోగపడింది, అంతే.

రెండో ఆట 'ఎర్త్‌బౌండ్'. 1994లో జపాన్‌లో 'మదర్ 2' పేరుతో వచ్చింది, 1995లో అమెరికాకి వెళ్ళింది. రాసినాయన షిగెసాతో ఇతోయి, ప్రకటనలు రాసే రచయిత. ఇది నేను మన సీనియర్ అన్న ఒకాయన రూములో, ఆయన కొనుక్కున్న నింటెండో స్విచ్ మీద ఆడాను. ఇందులో హీరో నెస్ అనే చిన్నపిల్లవాడు. ఇల్లు వదిలి లోకాన్ని కాపాడ్డానికి బయలుదేరతాడు. చాలా రోజులు అమ్మకి ఫోన్ చేయకపోతే వాడికి ఇంటి మీద బెంగ పట్టుకుంటుంది. యుద్ధం మధ్యలో ఉన్నట్టుండి ఇల్లు గుర్తొచ్చి కొట్టకుండా నిలబడిపోతాడు. దానికి మందు ఒకటే, ఇంటికి ఫోన్ చేసి అమ్మ గొంతు వినడం! ఆట మొదట్లోనే నీకిష్టమైన వంట ఏమిటని అడుగుతారు. ఆరు అక్షరాలకే చోటు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో 'పులుసు' అని కొట్టాను. తర్వాత ఇంటికెళ్ళినప్పుడల్లా వాళ్ళమ్మ నాకు పులుసే పెట్టింది.

ఆ పిల్లవాడి నాన్న ఆటలో ఎక్కడా కనబడడు. ఫోన్లో గొంతే. బ్యాంకులో డబ్బు వేశానని చెప్తాడు. చాలాసేపు ఆడితే తనే ఫోన్ చేసి కాసేపు విశ్రాంతి తీసుకోమంటాడు. మన హాస్టల్లో సగం మంది నాన్నలు ఇలాంటి వాళ్ళే కదా! హైదరాబాద్‌లోనో, బెంగుళూరులోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముళ్ళు వచ్చిన కొత్తలో రాత్రి దుప్పటి ముసుగులో ఏడుస్తారు. పొద్దున్నే ఎవరైనా చూశారేమోనని భయపడతారు. తమ్ముళ్ళూ, లోకాన్ని కాపాడేవాడికి కూడా ఇంటి బెంగ తప్పలేదు. సిగ్గుపడకండి, ఫోన్ చేయండి.

మూడోది 'డ్రాగన్ క్వెస్ట్' వరుసలో అయిదోది, 1992 నాటిది. కథ కొంచెం చెప్పక తప్పదు, ఆడాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. హీరో చిన్నప్పుడు తండ్రి వెంట తిరుగుతుంటాడు. ఒకరోజు శత్రువులు పిల్లవాణ్ణి పట్టుకుని బెదిరిస్తే, ఆ తండ్రి ఎదురు తిరగకుండా దెబ్బలు తిని ప్రాణం వదుల్తాడు. పిల్లవాడు పదేళ్ళు బానిసగా రాళ్ళు మోస్తాడు. తప్పించుకుని ఊరికొస్తే, దగ్గర్లోని గుహలో తండ్రి దాచిన ఉత్తరం, ఒక గొప్ప కత్తి దొరుకుతాయి. పురాణాల్లో చెప్పిన వీరుడు మాత్రమే పట్టగల కత్తి అది. మనం ఆశగా పట్టుకుంటాం. కానీ అది మన చేతికి లొంగదు! ఆ వీరుడు మనం కాదు. చాలా ఏళ్ళ తర్వాత మన కొడుకు దాన్ని అవలీలగా ఎత్తుతాడు.

అక్కడ నేను ఫోన్ పక్కన పెట్టేశాను. మా నాన్న తాపీ పని చేస్తాడు. మూడో తరగతితో చదువు ఆపేశాడు. నా సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టెలో దాచేది ఆయనే. వాటిలో ఏముందో ఆయన చదవలేడు. ఇంతకాలం నేను డిగ్రీ సాధించిన హీరోనని అనుకునేవాణ్ణి. ఆ ఆటలో ఎక్కువ కథ ఎవరిది? కత్తి పట్టలేనివాడిదే. రాళ్ళు మోసినవాడిదే. అది తెలిసినందుకు హోరీగారికి దండం పెట్టుకున్నాను.

ఇంత పొగిడాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ఈ ఆటల్లో ఒక అబద్ధం ఉంది. స్లైమ్‌ని కొట్టిన ప్రతివాడికీ ఒక్క పాయింట్ ఖాయం. బయట అలా ఉండదు. ఇద్దరు ఒకే కష్టం పడితే ఒకడికి పది పాయింట్లు, ఇంకొకడికి సున్నా రావచ్చు. ఇంటిపేరు, ఊరు, ఇంగ్లీషు యాస చూసి మార్కులు మారే చోట్లున్నాయి. కాబట్టి "కష్టపడితే చాలు" అని ఎవరైనా మీకు చెప్తే సగమే నమ్మండి. మిగతా సగం కోసం అడగాలి, అర్జీ పెట్టాలి, నలుగురు కలిసి వెళ్ళాలి. ఇంకో మాట, ఇవి గంటలు గంటలు తినేసే ఆటలు. పరీక్షల ముందు ముట్టుకుంటే నా మీద నింద వేయొద్దు. నెస్ వాళ్ళ నాన్న చెప్పినట్టు మధ్యలో ఆపడం కూడా ఆటలో భాగమే.

చివరిగా నా ప్రతిపాదన. మన రీడింగ్ రూములో ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్ పెడదాం. హాస్టల్ వదిలి వెళ్ళే ప్రతి ఒక్కరూ అందులో ఒక పేజీ రాయాలి. ఏ సర్టిఫికెట్‌కి ఎన్ని రోజులు పట్టింది, ఏ కాగితం లేక ఆగిపోయారు, ఏ కోర్సుకి ఎప్పుడు నోటిఫికేషన్ వస్తుంది, ఇంటర్వ్యూలో ఏం అడిగారు, ఎక్కడ ఓడిపోయారు. గెలిచిన సంగతులకన్నా ఓడిన సంగతులే ఎక్కువ రాయండి, వెనక వచ్చేవాళ్ళకి అవే పనికొస్తాయి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు దండలు, శాలువాలతో పాటు ఆ పుస్తకంలో ఒక పేజీ కూడా రాసి వెళ్ళాలని మనవి. మొదటి పేజీ నేను రాసేశాను. ఆదాయం సర్టిఫికెట్ గడువు గురించి.

రేపు కొత్త తమ్ముడొకడు ట్రంకు పెట్టె పట్టుకుని మన గేటు దగ్గర నిలబడతాడు. వాడికి అన్నలు లేరు, ఫోన్ చేసి అడిగే దిక్కు లేదు. వాడి మొదటి గది మనమే కట్టాలి.